కాళ్ళ డాక్టరమ్మ

ఇల్లు,
వానలు మొదలైన వారం

అన్నయ్యా,

నీ కొండమీద ఫోను పలికితే ఈ కాగితాల గోలే ఉండేది కాదు. సరుకుల లారీ ఎప్పుడు కొండెక్కుతుందో, ఈ ఉత్తరం నీ చేతికి ఎప్పుడు అందుతుందో ఆ లారీ డ్రైవరుకే తెలియాలి. ఆలస్యమైందని నన్ను తిట్టుకోకు. స్కూళ్ళు తెరిచే రోజులు కదా, యూనిఫాంలు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. కాజాలు కుట్టీ కుట్టీ కళ్ళు లాగేస్తున్నాయి.

మీ పొడుగాయనకి నడుంలో నొప్పి వచ్చింది. కిడ్నీలో రాయి అన్నారు. స్టీరింగు ముందు కూర్చోలేక బస్సుకి సెలవు పెట్టారు. ఆసుపత్రిలో చూపించాం. ఇది రాసేటప్పటికి ఆయన పడుకుని ఉన్నారు. నువ్వేమీ కంగారు పడకు.

రోడ్డు ఎంతవరకూ వచ్చింది? చలికి చెవులు కప్పుకుంటున్నావా, లేక ఎప్పట్లాగే మొండిగా తిరుగుతున్నావా?

నీ చెల్లెలు


క్యాంపు, కొండ మీద

సూదమ్మా,

రాయి అట! ఇక్కడ నేను రోజూ లారీలకి లారీలు రాళ్ళు తవ్వి లోయలో పారబోస్తుంటే, మా పొడుగోడు ఒక్క రాయికి సెలవు పెట్టి పడుకున్నాడా? దాన్ని ఇటు పంపించమను. రోడ్డు కింద వేసి రోలరుతో తొక్కించేస్తాను.

స్కూల్లో కూడా వాడింతే. ఇద్దరం పొడుగని మాస్టారు చివరి బెంచీలో కూర్చోబెడితే, కడుపునొప్పి అని బెంచీ మొత్తం వాడే పరుచుకుని పడుకునేవాడు. నేను కింద కూర్చుని పాఠం వినేవాణ్ణి. అలాంటివాడికి నిన్నిచ్చి చేశాను చూడు, నా అంత తెలివైనవాడు ఇంకొకడు ఉండడు.

బాగా నీళ్ళు తాగమని చెప్పు. నా చేతిరాత వంకరటింకరగా ఉందని వెక్కిరించకు, మా టెంటులో బల్ల ఊగుతోంది. రోడ్డు మలుపు దగ్గర కొండ కొంచెం జారింది. అది తీసేదాకా కిందికి దిగడానికి లేదు. సరుకుల లారీ మాత్రం ఎలాగో పాత దారిలో వచ్చిపోతోంది.

అన్నయ్య


ఆసుపత్రి, మూడో అంతస్తు, బయట బెంచీ

అన్నయ్యా,

ఆయన పడుకుని ఉన్నారని రాశాను. ఎక్కడ పడుకున్నారో రాయలేదు. ఐసీయూలో.

నొప్పి వచ్చిన మర్నాడే వణుకుతో జ్వరం వచ్చింది. రాయి దారికి అడ్డంపడి, వెనక చీము పట్టి, ఆ విషం రక్తంలోకి పాకిందట. వీపులోంచి గొట్టం వేసి చీము తీసేశారు. అప్పటికే బీపీ పడిపోయింది. ఇప్పుడు నోట్లో గొట్టం ఉంది, మిషను ఊపిరి పోస్తోంది. పిలిస్తే పలకరు. మంచం ఆయనకి చాలలేదు, పాదాలు రెండూ బయటికి వచ్చి ఉంటాయి. వాటిని చూస్తే నవ్వొస్తుంది, వెంటనే ఏడుపొస్తుంది.

నీకు చెప్పి ప్రయోజనం లేదని చెప్పలేదు. ఇప్పుడేమో కొండ కూడా జారిందన్నావు. రెక్కలు కట్టుకుని రాలేవు కదా. కానీ ఇక నా ఒక్కదాని వల్ల కావడం లేదు.

విషయం ఇది. మొదటి రోజు ఆయనకి సీసా మీద సీసా సెలైన్ ఎక్కించారు. బీపీ కాస్త లేచింది. ఆ తరవాత ఆపేశారు. మళ్ళీ బీపీ కిందికి వచ్చింది. అయినా పెట్టడం లేదు. "ఎందుకు పెట్టరండీ?" అంటే డ్యూటీ డాక్టరు "మేడమ్ వద్దన్నారు" అంటాడు. పక్క మంచం పెద్దావిడకి మాత్రం రెండు సీసాలు వేలాడుతున్నాయి. ఈయన స్టాండు మోడుగా నిలబడి ఉంది.

ఆ మేడమ్‌ని చూశాను. నాకన్నా చిన్నదే అయి ఉంటుంది. పొట్టి మనిషి, చెప్పుల చప్పుడు కూడా రాదు. వచ్చీ రాగానే దుప్పటి తొలగించి మోకాళ్ళ మీది నీలం మచ్చలు చూస్తుంది. వేలిగోరు నొక్కి వదిలి, రంగు తిరిగొస్తుందా అని చూస్తుంది. తరవాత మంచం మీట నొక్కి తలవైపు దించి, కాళ్ళు పైకెత్తిస్తుంది. కాసేపు తెరకేసి చూస్తుంది. దించేస్తుంది. "వద్దు" అంటుంది. వెళ్ళిపోతుంది. గంట గడిచాక మళ్ళీ అదే తంతు. బయట బెంచీల మీద అందరూ ఆవిణ్ణి కాళ్ళ డాక్టరమ్మ అంటారు.

ఆయన అన్నగారు, మా బావగారు, నిన్న అందరిముందూ గట్టిగానే అన్నారు: "ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒక్క సెలైన్ సీసాకి గతి లేదా? కాళ్ళెత్తితే బీపీ లేస్తుందా, మనుషులతో ఆటలా?" వేరే ఆసుపత్రికి మారుద్దాం అంటున్నారు. నువ్వేమంటావు?

చెల్లెలు


క్యాంపు

చెల్లీ,

ఇంత జరిగితే రాయి నొప్పి అని రాస్తావా? నేనేమో రోలరుతో తొక్కిస్తానని పరాచికాలాడానే! ఆ ఉత్తరం చింపి పారెయ్యి.

నేనేమంటానా? మార్చెయ్యి. ఇవాళే మార్చెయ్యి. సెలైన్ పెట్టకుండా ఐసీయూ ఏమిటి? నీకొక సంగతి చెప్పాలి, తిట్టనంటే చెప్తాను. పోయిన ఉత్తరం రాసిన రోజు ఊగింది బల్ల కాదు, నేను. నీళ్ళు పడక క్యాంపులో సగంమందికి వాంతులు, విరేచనాలు. నాకు కళ్ళు లోపలికి పోయాయి, లేచి నిలబడితే చీకట్లు కమ్మేవి. మా క్యాంపు కాంపౌండరు సెలైన్ ఎక్కించాడు. పొద్దున పడుకోబెట్టినవాణ్ణి మధ్యాహ్నానికి లేచి కూర్చుని అన్నం పెట్టమన్నాను. ఒట్టు! ఒంట్లోకి ప్రాణం సూదిలోంచి దిగడం నాకు తెలిసింది. అలాంటిది మా పొడుగోడికి, అంత మనిషికి, చుక్క ఇవ్వరా?

ఆ కాళ్ళ డాక్టరమ్మని నిలదీసి అడుగు. నోట్లో నాలుక లేనట్టు నిలబడకు. బావగారు సరైన మనిషి, ఆయన చెప్పినట్టు చెయ్యి. కొండ అడ్డం లేకపోతే నేనే వచ్చి ఆవిడకి నాలుగు మాటలు చెప్పేవాణ్ణి.

మట్టి తవ్వే మిషను దిగిన ప్రతిసారీ వాడి గురించే ఆలోచన. వెంటనే రాయి.

అన్నయ్య


ఆసుపత్రి, అదే బెంచీ

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. అది చేరకముందే నువ్వు చెప్పిన పని చేయబోయాను. బావగారు అంబులెన్సు మాట్లాడి గేటు దగ్గర పెట్టించారు. నేను సరేనన్నాను. బట్టలు సంచిలో సర్దేశాను కూడా.

ఆ డాక్టరమ్మకి కబురు తెలిసి బయటికి వచ్చారు. కోపం లేదు, గొంతు పెంచలేదు.

"తీసుకెళ్తున్నారా?"

బావగారు, "తీసుకెళ్ళక ఏం చెయ్యమంటారు? మనిషి ఎండిపోతుంటే గుక్కెడు నీళ్ళివ్వరు" అన్నారు.

"దారిలో ప్రాణానికే ప్రమాదం. అది చెప్పడం నా బాధ్యత, చెప్పాను. చెయ్యి పట్టుకుని ఆపే హక్కు నాకు లేదు. కానీ ఒక్కసారి లోపలికి రండి. నేను చూసింది మీరూ చూడండి. ఆ తరవాత మీ ఇష్టం."

ఇద్దరం వెళ్ళాం. ఆవిడ దుప్పటి తొలగించి, "ఇక్కడ నొక్కండి" అని ఆయన మోకాలి కింద ఎముక చూపించారు. నేను బొటనవేలితో నొక్కాను. తీసేశాక గుంట అలాగే ఉండిపోయింది అన్నయ్యా, పిండి ముద్దలో వేలు పెట్టినట్టు. బావగారు కూడా నొక్కి చూశారు.

"ఎండిపోయిన మనిషి ఇలా ఉంటాడా?" అన్నారు ఆవిడ. "ఇదంతా మొదటి రోజు మేమిచ్చిన నీరే. అప్పుడు కావాలి, ఇచ్చాం. ఇవ్వకపోతే ఆ రోజు దాటేవారు కాదు. ఇప్పుడు ఇస్తే అది రక్తనాళాల్లో నిలవడం లేదు. కండలోకి కారిపోతోంది. ఇంకోచోటికి కూడా పోతోంది, చూడండి."

ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి తెరమీద ఊపిరితిత్తులు చూపించారు. నిలువుగా తెల్లటి చారలు, కిటికీ అద్దం మీద వాన కారినట్టు. "ఇది తడి. ఇంకా పోస్తే ఆయన మంచంమీదే మునిగిపోతారు" అన్నారు.

బావగారు తగ్గలేదు. "మరి బీపీ తక్కువుందిగా?"

"బీపీ పడిన ప్రతివాడికీ నీళ్ళే తక్కువ కాదండీ. ఈయనకి రక్తనాళాలు వదులైపోయాయి. వాటిని బిగించే మందు ఆ చిన్న సిరంజిలో పోతోంది. అదే పెంచాను. నీళ్ళు పనికొస్తాయో రావో ఎలా తెలుసుకుంటామో చూపిస్తాను. కాళ్ళు మీరే పట్టుకోండి."

మంచం మీట తిప్పారు. తల దిగింది, కాళ్ళు లేచాయి. అంత పొడుగు కాళ్ళు మంచంమీద నిలవవు కదా, ఒక పాదం నేను, ఒక పాదం బావగారు పట్టుకున్నాం. తమ్ముడి పాదం అలా రెండు చేతులతో పట్టుకున్నాక బావగారి మొహంలో కోపం ఎటు పోయిందో తెలీదు.

"ఇప్పుడు ఆయన కాళ్ళలో ఉన్న రక్తం గుండెకి జారుతోంది. ఇది ఆయన సొంత సీసా అనుకోండి. గుండెకి అది పనికొస్తే, ఇదిగో ఈ అంకె పైకి లేస్తుంది. అప్పుడు నేనూ సీసా పెడతాను. పనికిరాకపోతే కాళ్ళు దించేస్తే సరి, రక్తం వెనక్కి పోతుంది. నేను పెట్టిన సీసా మాత్రం వెనక్కి రాదు."

అంకెని చూస్తూ నిలబడ్డాం. గుడ్లప్పగించి చూశాం. కదల్లేదు. ఆవిడ కూడా మాతోపాటే చూశారు, కదిలితే బాగుండును అన్నట్టు. అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ గంటగంటకీ వచ్చేది వద్దనడానికి కాదు. కదులుతుందేమోనని.

గేటు దగ్గర అంబులెన్సుని బావగారే పంపించేశారు. డ్రైవరు ఊరికే తిప్పారని గొణుక్కుంటూ పోయాడు.

నీ సెలైన్ సంగతి కూడా అడిగాను, నీ తృప్తి కోసం. ఆవిడ నవ్వారు. "మీ అన్నయ్యగారి ఒంట్లో నీళ్ళన్నీ బయటికి పోయాయి. దాహమేసినవాడికి మంచినీళ్ళిచ్చారు, లేచి కూర్చున్నాడు. ఆ కాంపౌండరు సరిగ్గానే చేశాడు. అదే సీసా ఇక్కడ ఈయనకి పెడితే ఊపిరాడదు. సీసా ఒకటే, మనుషులు వేరు" అన్నారు.

ఇక నీకు తిట్లు. వాంతులు, విరేచనాలై పడిపోయి బల్ల ఊగుతోందని రాస్తావా? నేను చేస్తే తప్పు, నువ్వు చేస్తే లోకం మెచ్చే పని! ఒకే తల్లి కడుపున పుట్టాం, అబద్ధాలు కూడా ఒకేలా ఆడతాం.

ఆయన ఇంకా కళ్ళు తెరవలేదు. కానీ ఇవాళ మోకాళ్ళ మీద నీలం మచ్చలు కాస్త పలచబడ్డాయి. ఆవిడ నన్ను పిలిచి మరీ చూపించారు.

చెల్లెలు


క్యాంపు

చెల్లీ,

నీ ఉత్తరం మా కాంపౌండరుకి చదివి వినిపించాను. తను సరిగ్గా చేశాడని అంత పెద్ద డాక్టరు అన్నందుకు పొద్దుట్నుంచీ వాడి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. నా కాళ్ళు కూడా ఎత్తి చూస్తానని వెంటపడుతున్నాడు.

నేను నీకు రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఆవిడకి చెప్పాలనుకున్న నాలుగు మాటలు కూడా. కానీ ఒకటి మాత్రం నన్ను తొలుస్తోంది. ఇక్కడ మేము కొండ పేల్చేముందు ఇంజనీరు రాయి చూసి ఇంత మందు చాలంటాడు. రోజూ సరిగ్గానే చెప్తాడు. ఒక్కోరోజు మాత్రం నిన్నటి రాయే ఇవాళ కూడా అనుకుంటాడు. ఆ రోజే ప్రమాదం జరిగేది. ఆవిడ ఒకసారి వద్దని తేల్చేసింది కదా. రేపు వాడికి నిజంగా అవసరమైతే? పంతం పట్టిన డాక్టరైతే ఎలాగ?

నా బుర్ర ఇంతే, అనుమానం పుట్టకుండా ఉండదు. మలుపు దగ్గర మట్టి సగం తీశాం. పగలంతా తవ్వుతూనే ఉన్నాను. వాడి కోసమే తవ్వుతున్నానని ఇక్కడ అందరికీ తెలుసు, ఒకళ్ళూ సెలవడగడం లేదు.

అన్నయ్య


ఆసుపత్రి, కిటికీ పక్కన

అన్నయ్యా,

ముందు మంచి మాట. గొట్టం తీసేశారు. మాట్లాడుతున్నారు. గొంతు బొంగురుపోయింది, అయినా మొదటి మాటే "బస్సు డిపోలో పెట్టారా?" అని. నేను పక్కన నిలబడి ఉంటే బస్సు గురించి అడిగిన మొగుణ్ణి నువ్వే ఎంచి పెట్టావు.

ఇప్పుడు నీ అనుమానానికి జవాబు. నేను చెప్పేది కాదు, జరిగింది.

మిషను తీసేశాక ఒంట్లో చేరిన నీరంతా దిగడానికి మందిచ్చారు. కిడ్నీలు కూడా నిద్రలేచాయి. మూత్రం సంచులు నిండుతూనే ఉన్నాయి. వాపు దిగిపోయింది, మొహం మళ్ళీ ఆయన మొహంలా అయింది. నర్సులు, మేము అందరం పండగ చేసుకున్నంత పని చేశాం. ఎంత ఎక్కువ పోతే అంత మంచిదని ప్రతి సంచికీ సంతోషపడ్డాను.

మొన్న పొద్దున చూసేవేళకి లోపలికి వెళ్ళాను. ఆయన నన్ను చూసి, "టికెట్టు తీసుకున్నావా?" అన్నారు. హాస్యం అనుకున్నాను. మళ్ళీ అదే అడిగారు. కళ్ళు ఎటో ఉన్నాయి. పెదాలు అట్టకట్టి ఉన్నాయి. గుండె పరుగెడుతోంది, బీపీ మళ్ళీ పడిపోయింది.

డ్యూటీ డాక్టరు వచ్చి, "జ్వరం తిరగబెట్టినట్టుంది, బీపీ మందు మళ్ళీ మొదలుపెడదాం" అన్నాడు. నర్సు సెలైన్ పెట్టాలా అని అడిగితే, "వద్దు వద్దు, ఈయనకి పడదు, మేడమ్ ముందే చెప్పారు" అన్నాడు. నాకు అతని మాట సబబుగానే తోచింది. నా వేలితో నొక్కి చూసినదాన్ని కదా!

అప్పుడు ఆవిడ వచ్చారు. యథాప్రకారం దుప్పటి తీశారు. మోకాలు చూశారు, గోరు నొక్కారు. మోకాలి కింద ఎముక మీద నొక్కారు, గుంట పడలేదు. కింద మూత్రం సంచిని చేత్తో ఎత్తి బరువు చూశారు. "నిన్నటి నుంచి ఎంత పోయింది?" అని అడిగారు. నర్సు చెప్పింది. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"సెలైన్ తీసుకురండి. ముందు కాళ్ళెత్తుదాం."

నేను ఊరుకోలేకపోయాను. "మేడమ్, సెలైన్ వద్దు! ఊపిరితిత్తుల్లోకి పోతుంది!"

"ఎవరన్నారు?"

"మీరే అన్నారు."

"అది పోయిన వారం మనిషికి అన్నానమ్మా. ఈయన ఇవాళ్టి మనిషి. ఈయన్ని ఇంకా అడగలేదు."

కాళ్ళెత్తారు. అన్నయ్యా, నేను పాదం పట్టుకునే ఉన్నాను. అంకె లేచింది. మెల్లిగా, కానీ లేచింది. గుండె పరుగు తగ్గింది. డ్యూటీ డాక్టరు నోరు తెరిచి చూస్తున్నాడు. ఆవిడ అతనితో, "మూత్రం బాగా వస్తోందని మనమంతా మురిసిపోయాం. పోయింది పోయినట్టే వదిలేశాం. నీరు దిగే మందు నిన్ననే ఆపాల్సింది, నేను ఆపలేదు. ఆపండి" అన్నారు. తన తప్పుని పదిమంది ముందు అంత తేలిగ్గా, కొంగుకంటిన దుమ్ము దులుపుకున్నట్టు చెప్పిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

సీసా పెట్టారు. మొత్తం కాదు, కొంచెం. ఆపి చూశారు. మళ్ళీ కాళ్ళెత్తారు, మళ్ళీ లేచింది, ఇంకొంచెం పెట్టారు. ఆయన కళ్ళు కుదురుకున్నాయి. నన్ను చూసి, "నువ్వెప్పుడొచ్చావు?" అన్నారు. మూడోసారి కాళ్ళెత్తితే అంకె ఉన్నచోటే ఉంది. ఆవిడ సీసా బిగించేశారు. నాకు ఆశ పుట్టింది కదా, "ఇంకాస్త పెట్టకూడదా మేడమ్?" అన్నాను.

"చాలంటున్నారు మీవారు" అన్నారు.

మనింట్లో ఒక మాట అన్నామంటే అది తప్పని తెలిసినా దాన్ని పట్టుకుని వేలాడతాం. నువ్వూ నేనూ కూడా. ఆవిడ తన మాటని తానే పక్కన పెట్టేసి, కొత్తగా చూసి, కొత్తగా చెప్పారు. వద్దన్న రోజున ఆవిణ్ణి మెచ్చుకున్నాను. ఇవ్వండి అన్న రోజున ఆవిడంటే ఏమిటో తెలిసింది. నేను కొలతలు తీసి కుట్టే మనిషిని. ఒకసారి తీసిన కొలతతో ఏడాదంతా కుడతాను. ఆవిడ మనిషిని గంటకోసారి కొలుస్తారు.

నీ అనుమానం పోయిందా?

చెల్లెలు


ఇల్లు

ఒరేయ్,

పెన్ను పట్టుకోవడానికి వేళ్ళు సహకరించడం లేదు, అందుకే నాలుగే ముక్కలు. బతికాను. నాకేమీ గుర్తులేదు. ఎవరో నా కాళ్ళు పట్టుకుని లాగుతున్నట్టు, నేను కండక్టర్ని పిలిచి దింపెయ్యమన్నట్టు మాత్రం కల. మీ చెల్లెలు రోజూ ఆ డాక్టరమ్మ కథ చెప్పి చెప్పి నాకు నేనే ఎవరో పరాయివాడిలా కనిపిస్తున్నాను. ఇప్పుడు వీధి చివరిదాకా కర్ర లేకుండా నడుస్తున్నాను. వెనకాల మా అన్నయ్య కుర్చీ పట్టుకుని వస్తాడు, ఎక్కడ పడిపోతానోనని. జనం నవ్వుతున్నారు.

రోడ్డు తెరిచారట కదా. రా.

పొడుగోడు


క్యాంపు, కొండ మీద

చెల్లీ,

మీ దగ్గర్నుంచి క్షేమంగా చేరాను. పొద్దున బస్సుకి బయల్దేరినవాణ్ణి సాయంత్రం బస్సు ఎందుకెక్కానో నీకు చెప్పాలి. పొడుగోడు నన్ను బస్టాండు దాకా నడిచి వచ్చి దిగబెట్టాడు. వాడు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆగి, నేను బస్సెక్కకుండా ఆసుపత్రికి వెళ్ళాను. మీకు చెబితే వెంట వస్తామంటారని చెప్పలేదు.

మూడో అంతస్తులో నువ్వు కూర్చున్న బెంచీ మీదే కూర్చున్నాను. కొండ దిగుతున్నంతసేపూ ఒక పెద్ద ఉపన్యాసం తయారు చేసుకున్నాను. డాక్టరమ్మ బయటికి వచ్చేసరికి ఒక్క ముక్క గుర్తురాలేదు. లేచి, "నేను ఆ పొడుగాటి బస్సు డ్రైవరు బావమరిదినండీ, కొండమీద పనిచేస్తాను" అన్నాను.

"సెలైన్ అన్నయ్యగారు మీరేనా?" అంది ఆవిడ.

సిగ్గుతో చచ్చాను. అంతా చెప్పేశావన్నమాట! నేను ధన్యవాదాలు చెప్పబోతే ఆపి, ఆయన ఎంత దూరం నడుస్తున్నారు, ఆకలి వేస్తోందా, కాళ్ళు వాచాయా అని అడిగింది. అన్నీ చెప్పాను. కుర్చీ సంగతి చెబితే గట్టిగా నవ్వింది. అప్పుడు ధైర్యం వచ్చి అడిగాను: "అంత కచ్చితంగా ఎలా తెలుస్తుందమ్మా మీకు, ఎవరికి నీళ్ళు కావాలో?"

"తెలీదండీ" అంది. "తెలిస్తే కాళ్ళెత్తడం దేనికి? ఒక్కోసారి అవి కూడా తిన్నగా చెప్పవు. అందుకే గోరుని అడుగుతాను, మోకాలిని అడుగుతాను. మళ్ళీ వచ్చి అడుగుతాను."

లోపల్నుంచి ఎవరో పిలిచారు. వెళ్ళిపోయింది. నా పని అయిపోయింది, లేచి రావాల్సిందే. ఎందుకో రాలేకపోయాను.

చాలాసేపటికి ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి నా దగ్గరికి కాదు. ఎదుటి బెంచీలో ఒకావిడ, ఆవిడ కొడుకు కూర్చుని ఉన్నారు. అతను నా వయసు వాడే, రంగులు వేసే పని అనుకుంటాను, గోళ్ళ చుట్టూ తెల్లరంగు ఉంది. డాక్టరమ్మ వాళ్ళ ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, తల్లి చెయ్యి పట్టుకుని చెప్పింది. నాకు మాటలు వినపడలేదు. వినపడక్కర్లేదు.

అతను లేచి అరిచాడు. "ఇంకో రెండు సీసాలు ఎక్కించి ఉంటే మా నాన్న బతికేవాడు! ఎక్కించారా? చెప్పండి, ఎక్కించారా?"

చెల్లీ, అవి నా మాటలు. నేను నీకు రాసిన మాటలే, నా గొంతే.

ఆవిడ లేవలేదు, లోపలికి పోలేదు. "ఎక్కించామండీ. కావలసినప్పుడల్లా ఎక్కించాం. చివరికి గుండె అందుకోలేకపోయింది" అంది. అతను ఇంకా ఏవేవో అన్నాడు. అతని గొంతు అలిసిపోయేదాకా అక్కడే కూర్చుంది. ఆ తరవాత తల్లిని లోపలికి తీసుకెళ్ళింది.

అతను ఒక్కడే మిగిలాడు. నేను లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా నీళ్ళ సీసా ఇచ్చాను. తాగాడు. కాసేపటికి, "మీవాళ్ళు కూడా లోపలున్నారా?" అన్నాడు.

"ఉండేవాడు. ఇంటికెళ్ళాడు" అన్నాను.

"ఆవిడేనా చూసింది?"

"ఆవిడే."

"మంచి డాక్టరేనా?"

మా పొడుగోడు ఇవాళ పొద్దున నాతో బస్టాండు దాకా నడిచి వచ్చాడని అతని ముందు ఎలా అనను? "మంచి డాక్టరే" అన్నాను, అంతే. అతను చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. గోళ్ళ చుట్టూ రంగు గీకుతున్నాడు. గీకుతూనే నాతోనో, తనతోనో అన్నాడు:

"మా నాన్నకి కాళ్ళ నొప్పులు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అయినా, ఎత్తిన ప్రతిసారీ మెల్లిగానే దించేది."

అన్నయ్య